మా జర్నల్‌కి ఫేస్‌బుక్ పేజీ పెట్టాం. అభినందనలు వస్తున్నాయి, చదివేవాళ్ళు రావడం లేదు

కాకినాడ_పిల్లల_డాక్టర్:

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పీడియాట్రిక్స్ అసోసియేట్ ప్రొఫెసర్ని. మా స్పెషాలిటీ సంఘం ఒకటి మూడు నెలలకోసారి జర్నల్ తెస్తుంది. పెద్దదేమీ కాదు. సంచికకి ఎనిమిదో పదో పేపర్లు, మూడు నాలుగు కేసు రిపోర్టులు, ఒక సంపాదకీయం. సభ్యులందరికీ పోస్టులో వెళ్తుంది. మా స్టాఫ్ రూమ్ బల్ల మీద పోయిన ఏడాది సంచికలు ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడి ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నా పీజీ రెండేళ్ళు తిరిగి, రాత్రిళ్ళు ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసికందుల వార్డు) కూర్చుని చేసిన థీసిస్ పేపర్ ఉంది. ఆ కవరు కంటబడినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మార్చిలో ఎడిటోరియల్ బోర్డు మీటింగులో "ఇక మనం కూడా సోషల్ మీడియాలోకి వెళ్ళాలి" అనుకున్నారు. బోర్డులో అందరికంటే చిన్నదాన్ని నేనే, పని నాకు వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ మూడింట్లోనూ అకౌంట్లు తెరిచాను. సంచిక రాగానే ముఖచిత్రం ఫొటో, ఆ తర్వాత రోజుకో పేపర్ శీర్షిక, రచయితల పేర్లు, లింకు. ఇదీ నేను చేస్తున్నది.

లైకులకి లోటు లేదు. మొన్న పుట్టిన పిల్లల కామెర్ల మీద వచ్చిన పేపర్‌కి కామెంట్లు నలభై దాటాయి. కూర్చుని అన్నీ చదివాను. "కంగ్రాట్స్ సర్", "గర్వంగా ఉంది బావా", దండం పెడుతున్న చేతుల బొమ్మలు. పేపర్లో ఏముందని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. మా వెబ్‌సైట్ చూసే అబ్బాయిని అడిగితే ఆ వారం ఆ పేపర్ తెరిచినవాళ్ళు పదకొండు మంది అన్నాడు. ఆ పేపర్ రాసినవాళ్ళే నలుగురు.

ఇప్పుడు నా సందేహాలు. న్యూ ఇంగ్లండ్ జర్నల్, బీఎంజే, లాన్సెట్, జామా వాళ్ళకి లక్షల మంది ఫాలోవర్లున్నారు. వాళ్ళు చేసేదాంట్లో మా బోటి చిన్న జర్నల్ తీసుకోదగ్గది ఏదైనా ఉందా? సోషల్ మీడియాలో పెడితే నిజంగా చదువుతారని ఎవరైనా ట్రయల్ చేసి చూశారా, లేక అందరూ పెడుతున్నారని అందరూ పెడుతున్నారా? ఇంకొకటి. మా పీజీలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఇమేజ్ ఛాలెంజ్ అంటే పడి చస్తారు. ఒక ఫొటో, కింద ఐదు జవాబులు, ఏది సరైనదో చెప్పాలి. అలాంటిదే మనమూ పెడదాం మేడమ్, వార్డులో ఎన్ని కేసులు లేవు అంటున్నారు. పసిపిల్లల ఫొటోలు కదా, నాకు మనసొప్పడం లేదు.

తెలిసినవాళ్ళు చెప్పండి. రోజుకి గంట నేను దీనికి పెట్టగలను, అంతకు మించి కుదరదు.

నరసరావుపేట_టు_బర్మింగ్‌హామ్:

మేడమ్, ఆ చింపని కవర్ల మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను బర్మింగ్‌హామ్‌లో కిడ్నీ డాక్టర్ని. ఎంబీబీఎస్ మన దగ్గరే. 2015లో ఇక్కడ ట్రైనింగులో చేరినప్పుడు నాకు పేపర్ ఎలా చదవాలో నిజంగా తెలియదు. అబ్‌స్ట్రాక్ట్, అంటే పైనుండే సారాంశం చదివి, చివరి పేరా చదివి, అయిపోయిందనుకునేవాణ్ణి. నాకు చదవడం నేర్పింది ట్విటర్‌లో నెఫ్‌జేసీ అనే జర్నల్ క్లబ్.

డెట్రాయిట్‌లో ఉండే జోయెల్ టాఫ్, ఒట్టావాలో ఉండే స్వప్నిల్ హిరేమఠ్, ఈ ఇద్దరు నెఫ్రాలజిస్టులు 2014 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. ఒక పేపర్ ఎంచుకుంటారు. దాని మీద ముందే ఒక సారాంశం రాసి పెడతారు, ఎవరు ఏ పద్ధతిలో చేశారు, లోపాలేమిటి అన్నీ. చెప్పిన రోజున చెప్పిన గంటకి అందరూ ఒకే హ్యాష్‌ట్యాగ్ కింద చేరతారు. ప్రశ్నలకి వరస నంబర్లుంటాయి. మొదట పేపర్ వేసిన ప్రశ్న సరైనదేనా అని మొదలై, రేపు మీ క్లినిక్‌లో మందు మారుస్తారా అన్నదాకా వెళ్తుంది. ఒకసారి నేను భయపడుతూనే ఒక ప్రశ్న అడిగాను, ఈ ట్రయల్‌లో మా దేశపు రోగుల్లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారని. ఆ ట్రయల్ రాసినాయనే వచ్చి జవాబిచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

యూరాలజీ వాళ్ళది ఇంకా ముందే ఉంది, 2012 నుంచి. వాళ్ళ పద్ధతి మీకు బాగా నప్పుతుందని నా ఉద్దేశం. గంట కాదు, 48 గంటలు తెరిచి ఉంటుంది. ఆపరేషన్ ముగించుకుని ఒకరు, ఓపీ అయ్యాక ఇంకొకరు, ఆస్ట్రేలియాలో పొద్దున్నే లేచి మరొకరు వచ్చి రాసి పోతారు. డ్యూటీలు చేసుకునేవాళ్ళకి ఒకే గంటకి రమ్మంటే ఎక్కడ కుదురుతుంది?

ఈ క్లబ్బుల్ని జర్నళ్ళు పెట్టలేదు, చదివేవాళ్ళే పెట్టుకున్నారు. తర్వాత కొన్ని జర్నళ్ళు మేలుకుని, చర్చ నడిచే రోజుల్లో ఆ పేపర్‌ని అందరికీ ఉచితంగా తెరిచిపెట్టాయి, రచయితల్ని పంపాయి. మీరు రోజుకో శీర్షిక పెట్టే బదులు నెలకో పేపర్ పెట్టి, రచయితను రెండు రోజులు అందుబాటులో కూర్చోబెట్టండి. "కంగ్రాట్స్" అన్న బావగారే ప్రశ్న కూడా అడుగుతారు.

ఒక జాగ్రత్త. 2022 అక్టోబర్‌లో ట్విటర్ చేతులు మారింది, 2023 జులైలో పేరే ఎక్స్ అని మారిపోయింది. ఎనిమిదేళ్ళుగా నేను రోజూ మాట్లాడిన మనుషులు ఏడాదిలో చెదిరిపోయారు. కొందరు బ్లూస్కై అనే ఇంకో సైటులో ఉన్నారు, కొందరు ఎక్కడా లేరు. అది అద్దె ఇల్లు, ఇంటాయన ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియదు. మీ పాఠకుల ఈమెయిళ్ళు, ఫోన్ నంబర్లు మీ దగ్గర విడిగా ఉంచుకోండి.

గీతల_మనిషి_హైదరాబాద్:

నేను డాక్టర్ని కాదు. బొమ్మలు గీసేవాణ్ణి. ఏడేళ్ళుగా మెడికల్ జర్నళ్ళకి విజువల్ అబ్‌స్ట్రాక్టులు, అంటే పేపర్ సారాంశం చెప్పే బొమ్మలు, చేయడమే నా జీవనం. మేడమ్ అడిగిన రెండో ప్రశ్నకి, అంటే ట్రయల్ చేశారా అన్నదానికి, నాకు తెలిసింది చెప్తాను. ఇది నాకు తిండి పెడుతున్న పని కాబట్టి దీని గురించి వచ్చిన ప్రతి పేపరూ వెతికి చదువుతాను.

చేశారు. గుండె జబ్బుల జర్నల్ సర్క్యులేషన్ వాళ్ళు తమ సొంత పేపర్ల మీదే చేశారు. 243 పేపర్లు తీసుకుని లాటరీ వేసినట్టు రెండు వాటాలు చేశారు. ఒక వాటా ఫేస్‌బుక్‌లో, ట్విటర్‌లో పెట్టారు, రెండోది పెట్టలేదు. 30 రోజుల తర్వాత ఎంతమంది తెరిచారో లెక్కపెట్టారు. పెట్టినవాటికి మధ్యస్థంగా 409, పెట్టనివాటికి 392. తేడా లేనట్టే. సరిపడా పోస్టులు పెట్టలేదేమోనని ఇంకోసారి, మరింత గట్టిగా చేశారు. అప్పుడూ అంతే. మొదటి ఫలితాన్ని 2015లో, రెండోదాన్ని 2016లో వాళ్ళే అచ్చువేశారు. తమ కష్టం వృథా అయిందని చెప్పే ఫలితాన్ని దాచకుండా వేసినందుకు నాకు వాళ్ళంటే గౌరవం.

అయితే అవి విజువల్ అబ్‌స్ట్రాక్టులు రాకముందు రోజులు.

2016 జులైలో యానల్స్ ఆఫ్ సర్జరీ వేరే దారి పట్టింది. ఆండ్రూ ఇబ్రహీం అనే సర్జన్, ఆయనకి ఆర్కిటెక్చర్ కూడా తెలుసు, పేపర్ సారాంశాన్ని ఒక్క బొమ్మలో పెట్టాడు. పైన ప్రశ్న, కింద రెండు మూడు గడులు, ఒక్కో గడిలో ఒక గుర్తు, ఒక అంకె, నాలుగు మాటలు. తర్వాత 44 పేపర్లు తీసుకుని, ఒక్కో పేపర్‌ని ఒకసారి ఉత్త శీర్షికతో, ఒకసారి బొమ్మతో పెట్టి చూశారు. బొమ్మ పెట్టినప్పుడు 7.7 రెట్లు ఎక్కువ మంది కళ్ళ ముందుకి వెళ్ళింది, 8.4 రెట్లు ఎక్కువ మంది పంచుకున్నారు, లోపలికి వెళ్ళి పేపర్ తెరిచినవాళ్ళు 2.7 రెట్లు. ఈ రోజు చిన్నా పెద్దా జర్నళ్ళన్నీ బొమ్మలు పెడుతున్నాయంటే అక్కడి నుంచే.

ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. చూసినవాళ్ళు దాదాపు ఎనిమిది రెట్లయితే తెరిచినవాళ్ళు మూడు రెట్లు కూడా కాలేదు. అంటే ఎక్కువమంది బొమ్మ దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకి ఆ బొమ్మే పేపర్. పంచుకున్నవాళ్ళ దగ్గర చూసినవాళ్ళకీ అంతే. కనుక ఆ బొమ్మలో లేనిది లోకంలో లేనట్టే లెక్క. నా పనిలో నన్ను భయపెట్టే సంగతి ఇదే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది మనందరి మీదుగా వెళ్ళింది. 2020లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు. ఇచ్చినవాళ్ళు 2,104 మంది, ఇవ్వనివాళ్ళు 4,321 మంది. 28 రోజుల్లో చనిపోయినవాళ్ళ లెక్క మూడు ముక్కలుగా ఉంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మందు లేకపోతే 41.4 శాతం, ఉంటే 29.3. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో లేకపోతే 26.2, ఉంటే 23.3. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్ళలో లేకపోతే 14.0, ఉంటే 17.8. ఈ మూడో గుంపుకి మేలు కనబడలేదు, కీడు జరగదనీ చెప్పలేం. జూన్ 16న ట్రయల్ వాళ్ళు చేసిన ప్రకటనలో కూడా ఈ మూడో మాట ఉంది. ఎవరూ దాచలేదు. కానీ ఫోన్లలో తిరిగింది "స్టెరాయిడ్‌తో మూడో వంతు చావులు తగ్గుతాయి" అన్న ఒక్క ముక్క. మా పెదనాన్న గారింట్లో జ్వరం వచ్చిన రెండో రోజున ఆ ముక్క చూపించి మాత్రలు తెచ్చుకున్నారు. అదృష్టం, ఆయన బయటపడ్డారు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మందు ఎవరికి పనిచేయలేదో, ఎవర్ని స్టడీలో చేర్చుకోలేదో ఆ గడిని కింద అడుగున చిన్న అక్షరాల్లో పెట్టను. మిగతా గడులంతే సైజులో, వాటి మధ్యలో పెడతాను. ఎందుకంటే అడుగున ఉన్నదాన్ని జనం ఫోన్లో కత్తిరించేస్తారు. మధ్యలో ఉన్నదాన్ని కత్తిరించడం కష్టం. "మూడో వంతు తగ్గింది" లాంటి మాట ఒంటరిగా రాయను, వందలో ఎంతమంది నుంచి ఎంతమందికి అన్నది పక్కనే ఉండాలి. ఎన్ని ఆసుపత్రుల్లో, ఎంతమంది మీద చేశారో బొమ్మ లోపలే ఉండాలి, పోస్టు మాటల్లో కాదు. ఫార్వర్డ్ చేస్తే మాటలు ఊడిపోతాయి, బొమ్మ మిగులుతుంది. కొందరు ఎడిటర్లు బొమ్మ బరువెక్కిపోయింది, అందం పోయిందంటారు. నేను ఒప్పుకోను. రెండుసార్లు పని వదులుకున్నాను కూడా.

పిల్లల ఫొటోల విషయంలో మేడమ్ మనసుకి తోచిందే సరైనది. కళ్ళ మీద నల్ల పట్టీ వేస్తే చాలుననుకుంటారు చాలామంది. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాల్లో అది సరిపోదని సూటిగా రాసి ఉంది. గుర్తుపట్టే అవకాశం ఉంటే రాతపూర్వక అనుమతి కావాలి, అచ్చులోనే కాదు ఇంటర్నెట్‌లో కూడా వస్తుందని చెప్పి మరీ తీసుకోవాలి. పసివాడి తరఫున తల్లి సంతకం పెడుతుంది, ఆ తల్లి మీ వార్డులో బిడ్డని పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ సమయంలో డాక్టరమ్మ అడిగితే కాదంటుందా? ఎక్స్‌రేలు, ఈసీజీలు, స్లైడ్లు పెట్టండి, పేరూ నంబరూ తేదీ చెరిపేసి. పీజీలకి కావలసిన పజిల్ అందులో బోలెడు.

ఆల్ట్‌మెట్రిక్ స్కోరు, అంటే పేపర్ గురించి వార్తల్లో, సోషల్ మీడియాలో ఎంత చర్చ జరిగిందో లెక్కకట్టే అంకె, దాని గురించి మీ బోర్డులో ఎవరో ఒకరు అడుగుతారు. రంగుల చక్రం మధ్యలో అంకె ఉంటుంది, వార్తలకి ఎరుపు, ఎక్స్‌కి లేత నీలం. ఎంత మాట్లాడుకున్నారో చెప్తుంది, మంచో చెడో చెప్పదు. తప్పని తేలి వెనక్కి తీసుకున్న పేపర్లకి కూడా పెద్ద పెద్ద అంకెలుంటాయి. సైటేషన్లు, అంటే ఇతర పేపర్లలో మన పేపర్‌ని ఉదహరించడం, పెరుగుతాయా అంటే ఛాతీ సర్జన్లు 112 పేపర్లతో చేసిన ట్రయల్‌లో ఏడాదికి పెరిగాయని వచ్చింది. 2024లో ప్లాస్ వన్ జర్నల్‌లో 11 మంది శాస్త్రవేత్తలు 110 పేపర్లని మూడేళ్ళు వెంబడించి, డౌన్‌లోడ్లు పెరిగాయి గానీ సైటేషన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. నేనైతే సైటేషన్ల కోసం ఈ పని చేయమని ఎవరికీ చెప్పను.

ఏజెన్సీ_పీహెచ్‌సీ_ఎంవో:

మేడమ్, నేను ములుగు జిల్లాల పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని. పైన బొమ్మల అన్న రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కకు పెట్టిన.

2021 మే నెల. ఒకాయన వచ్చిండు, నలభై లోపలే ఉంటయి. కోవిడ్ తగ్గి పది రోజులైంది, ముఖం ఒక పక్క వాచింది, కన్ను తెరుస్తలేడు. షుగర్ చూస్తే మీటర్ హై అని చూపెట్టింది. షుగర్ ఉన్నట్టు ఆయనకే తెల్వదు. ఏం మందులు వాడినవ్ అంటే ఊళ్ళె ఆర్‌ఎంపీ రెండో రోజు నుంచే స్టెరాయిడ్ ఇచ్చిండట. ఆక్సిజన్ 97 ఉన్నదట అప్పుడు. నేను ఆ ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి గట్టిగనే అడిగిన. ఆయన భయపడి నాకు వాట్సాప్‌ల ఒక బొమ్మ పంపిండు. "సార్, పెద్ద జర్నల్‌ది సార్, చూసే ఇచ్చిన" అన్నడు. చూస్తే నిజంగనే ఆ ట్రయల్ బొమ్మనే. రెండు గీతలున్నయి, వెంటిలేటర్‌ది, ఆక్సిజన్‌ది. మూడోది లేదు. ఎవలో కత్తిరించిన్రు.

ఆయన్ని హైదరాబాద్ పంపినం, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి. ప్రాణం దక్కింది, కన్ను దక్కలే. అది బ్లాక్ ఫంగస్. అదే నెలల మా తెలంగాణ రాష్ట్రం దాన్ని నోటిఫై చెయ్యాల్సిన జబ్బని ప్రకటించింది. ఒక్క బొమ్మతోనే అయిందని నేను అంటలేను. షుగర్ ఉన్నది, అప్పటి పరిస్థితి అట్లున్నది. కానీ ఆ బొమ్మ నా ఫోన్‌ల ఇంకా ఉన్నది, నేను తీసెయ్యలే.

అందుకే మేడమ్, మీ జర్నల్ మా దాక రావాలె. మాకు అవసరం. ఎట్ల రావాల్నో చెప్త.

ఎక్స్ మా దగ్గర ఎవలు చూడరు. మా మండలం డాక్టర్లం, స్టాఫ్ నర్సులం, ఎంఎల్‌హెచ్‌పీలం (సబ్ సెంటర్లల్ల ఉండే ఆరోగ్య సిబ్బంది) అందరం వాట్సాప్ గ్రూపులల్ల ఉంటం. లింకు పంపితే తెరవం. సిగ్నల్ రాదు ఒకటి, తెరిస్తే డబ్బులు కట్టమంటది ఇంకొకటి. 2024 నవంబర్‌ల కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 6,000 కోట్లు మంజూరు చేసింది, పదమూడు వేల జర్నళ్ళు చదువుకోవచ్చు అన్నరు. మంచిదే. అది సర్కారు విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు. మా పీహెచ్‌సీ అండ్ల లేదు. మీ జర్నల్ ఎట్లాగూ ఉచితమే అయితే పీడీఎఫ్ చిన్న సైజుల చేసి బొమ్మ వెంట పంపున్రి. బొమ్మల అక్షరాలు పెద్దగ పెట్టున్రి, నేను జీపుల కూసొని చదువుత. మా ఏఎన్‌ఎం అక్కల కోసం రెండు నిమిషాల ఆడియో తెలుగుల చెప్తే ఇంకా మంచిది. వాళ్ళు ఊర్లు తిరుగుకుంట వింటరు. పుట్టిన పిల్లల కామెర్లు ముందుగల చూసేది వాళ్ళే కదా, మీరు కాదు, నేను కాదు.

గుంటూరు_రిటైర్డ్_ప్రొఫెసర్:

అమ్మా, నేను మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరై పదకొండేళ్ళయింది. మా రోజుల్లో లాన్సెట్ ఓడలో వచ్చేది. అచ్చయిన రెండు మూడు నెలలకి లైబ్రరీ బల్ల మీదికి చేరేది. మొదట వెనక పేజీలు తిప్పేవాళ్ళం, ఎడిటర్‌కి లేఖలు. అసలు వైద్యం అక్కడ నేర్చుకున్నాను నేను. ఒకాయన పేపర్ రాస్తే ఇంకొకాయన "మీ లెక్క ఇక్కడ తప్పింది" అని రాసేవాడు, మొదటాయన జవాబు పక్కనే. అది నాలుగు నెలలు పట్టేది.

పైన అందరూ జర్నల్ జనానికి ఎలా చేరాలో చెప్పారు, బాగుంది. జనం మాట జర్నల్‌కి ఎలా చేరుతుందన్నది కూడా చూడండి. 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు. మందు వాడితే చావులు ఎక్కువన్నారు. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందుని ఆపింది. మన దేశంలో ఆరోగ్య సిబ్బంది ముందు జాగ్రత్తగా అదే వాడుతున్న రోజులవి, మా అబ్బాయి కూడా వేసుకుంటున్నాడు. నేను ఆ రాత్రి పేపర్ మొత్తం చదివాను, నాకు తప్పు దొరకలేదు. కానీ చదువుకున్న కుర్రవాళ్ళు ట్విటర్‌లో పట్టికలు విప్పి చూపించారు. ఆస్ట్రేలియాలో అప్పటికి ప్రభుత్వ లెక్కలో చావులు 67 అయితే ఈ పేపర్లో 73 ఎలా వచ్చాయి? అన్ని ఖండాల రోగులూ వయసులో, జబ్బుల్లో ఇంత ఒకేలా ఎలా ఉన్నారు? వందమందికి పైగా శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. పదమూడు రోజులు. మా నాలుగు నెలలతో పోల్చుకోండి.

మీ పేజీ కింద ఎవరైనా "ఈ అంకె కూడికలో తేలడం లేదు" అని రాస్తే దాన్ని లైకు కొట్టి వదలకండి. రచయితకి పంపండి, జవాబు తెప్పించండి, తర్వాతి సంచికలో లేఖగా అచ్చువేయండి. తప్పయితే దిద్దుబాటు ఏ గ్రూపుల్లో పేపర్ వెళ్ళిందో ఆ గ్రూపులన్నిటికీ, అంత పెద్ద బొమ్మతోనే వెళ్ళాలి. దిద్దుబాటుని ఎక్కడో మూల వేసే అలవాటు అచ్చు పత్రికల్లోనూ ఉండేది, నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఒక హెచ్చరిక. పోస్టు ఎవరు రాస్తున్నారో బోర్డుకి తెలిసి ఉండాలి. 2021 ఫిబ్రవరిలో జామా తమ పాడ్‌కాస్ట్‌కి శ్రోతల్ని రప్పించాలని ట్విటర్‌లో పెట్టిన ఒక్క వాక్యం, వైద్యంలో జాతి వివక్ష అసలు ఉందా అన్న ధోరణిలో ఉంది. వేలమంది డాక్టర్లు నొచ్చుకున్నారు. ట్వీట్ తీసేశారు, పాడ్‌కాస్ట్ తీసేశారు, జూన్ నెలాఖరుకి ప్రధాన సంపాదకుడు హోవర్డ్ బాచ్నర్ పదవి నుంచి తప్పుకున్నాడు. నలుగురు సమీక్షకులు చూడనిదే పేపర్ వేయం కదా. ఆ పేపర్ గురించి రాసే రెండు వాక్యాలు కనీసం ఇంకొకరైనా చూడవద్దా? మీరు ఒంటరిగా చేస్తున్నానన్నారు, అది మీకూ మంచిది కాదు.

కాకినాడ_పిల్లల_డాక్టర్:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ములుగు డాక్టర్ గారూ, మీ పోస్టు మా పీజీలందరికీ చదివి వినిపించాను. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మూడు వారాలు తీసుకున్నాను, ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ పక్కన పెట్టేశాను. రోజుకో శీర్షిక మానేశాను. బోర్డుకి రాసి అడిగితే ఒక పెద్దాయన మొదట కోప్పడ్డారు, మిగతా పేపర్ల రచయితలు నొచ్చుకుంటారని. ఆ మాట కూడా నిజమే, ప్రమోషన్లకి పేపర్లు లెక్కేసే రోజుల్లో ఎవరి పేరు కనబడకపోయినా బాధే. చివరికి నెలకో పేపర్, సంచికలో మిగతావాటి జాబితా ఈమెయిల్‌లో అని కుదిరింది. గుంటూరు సర్ చెప్పినట్టు బొమ్మ, మాటలు ఇద్దరం చూస్తాం. రెండోవారు మా కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్, లెక్కల్లో గట్టివారు.

మొదటి పేపర్‌గా ఆ కామెర్లదే తీసుకున్నాం. కామెర్లు ఎంతున్నాయో రక్తం తీయకుండా చర్మం మీద పెట్టి చూసే మీటర్ గురించి. బొమ్మ నేనే గీశాను, సాయంత్రాలు నాలుగు పట్టాయి. పైన ప్రశ్న, కింద మూడు గడులు. ఆడియోకి మా హెడ్ నర్సు గొంతు ఇచ్చారు, పిఠాపురం యాస, వినడానికి హాయిగా ఉంది. రచయిత రెండు రోజులు గ్రూపులో ఉండి జవాబులు చెప్తానని మాటిచ్చారు.

గీతల మనిషి గారూ, ఒక్క సహాయం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఈ స్టడీలో చేర్చలేదు. కామెర్లు తగ్గించే ఫొటోథెరపీ లైటు కింద ఉన్న పిల్లల్నీ చేర్చలేదు. మధ్య గడిలో "నెలలు నిండిన పిల్లల్లో మాత్రమే" అని రాశాను. అది చాలా?

గీతల_మనిషి_హైదరాబాద్:

చాలదు మేడమ్. "మాత్రమే" అన్నది కన్ను జారిపోయే మాట. ఎవరికి వాడకూడదో అది రాయండి. నెలలు తక్కువ బిడ్డ బొమ్మ ఒకటి, లైటు కింద బిడ్డ బొమ్మ ఒకటి, రెండింటి మీదా అడ్డగీత, కింద "వీళ్ళ మీద ఈ మీటర్ పరీక్షించలేదు, రక్త పరీక్ష చేయించండి" అని. ఆ మాట మీదా రచయితదా అన్నది మాత్రం ఆయన్ని అడిగి పెట్టండి. ఒకే ఆసుపత్రిలో చేసిందయితే అదీ ఆ గడిలోనే. ఫైలు నాకు పంపండి, అక్షరాల సైజు చూస్తాను. జీపులో చదవగలగాలి కదా.

ఏజెన్సీ_పీహెచ్‌సీ_ఎంవో:

పంపేముందు నాకొకటి పంపున్రి మేడమ్. మా ఏఎన్‌ఎం అక్కలు ముగ్గురికి చూపెట్టి, ఏం అర్థమైందో వాళ్ళ నోటితోనే చెప్పిచ్చి మీకు వాయిస్ పెడుత.